పరిశోధనాసక్తుల బదిలీలు

మా యూనివర్సిటీలో ప్రొఫెసర్లందరికీ ఒకేసారి మతి చలించిందని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. శుద్ధ అబద్ధం. మతి చలిస్తే మెడికల్ లీవు దొరుకుతుంది, మాకు అదీ దొరకలేదు. జరిగిందల్లా బదిలీలు. అవి కూడా మనుషుల్ని ఊళ్ళు మార్చే మామూలు బదిలీలు కావు. ఎవరి గదిలో వాళ్ళని, ఎవరి కుర్చీలో వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళు దేని మీద పరిశోధన చేస్తున్నారో దాన్ని మాత్రం మార్చేశారు.

ఆ బదిలీల కౌన్సెలింగుకి కన్వీనర్ని నేనే కాబట్టి అసలు సంగతి నేను చెప్పడమే న్యాయం. నా పేరు చెరుకుమిల్లి సోమయాజులు. జంతుశాస్త్రంలో అసోసియేట్ ప్రొఫెసర్ని. నా పరిశోధన నత్తల మీద. పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజు కూడా నా చొక్కా జేబులో ఒక నత్తగుల్ల ఉంది. మా మామగారు దాన్ని కళ్ళారా చూసి కూడా పిల్లనిచ్చారు. అంత ధైర్యవంతుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

మాది ఒకే కాంపౌండులో సైన్సు కాలేజీ, మెడికల్ కాలేజీ కలిసి ఉన్న యూనివర్సిటీ. కొత్త రిజిస్ట్రారుగా తాటికొండ భీమశంకరం గారు వచ్చేదాకా అందరం ఎవరి పురుగును వాళ్ళు, ఎవరి రోగాన్ని వాళ్ళు చూసుకుంటూ కాలక్షేపం చేశాం. భీమశంకరం గారు అంతకుముందు ప్రభుత్వంలో ఏదో పెద్ద శాఖలో పనిచేశారు. అక్కడ వేలమంది ఉద్యోగుల బదిలీలను ఒక్క కోర్టు కేసు కూడా పడకుండా జరిపించారని ఆయనకి పేరు. అలాంటి మనిషిని మా మీదికి ఎందుకు పంపారో తెలియదు. బహుశా అక్కడ బదిలీ చెయ్యడానికి ఇంకెవరూ మిగిలి ఉండరు.

వచ్చిన వారంలోనే ఆయన మా వెబ్‌సైటు తెరిచి చూశారు. అందులో ప్రతి అధ్యాపకుడి ఫొటో కింద 'పరిశోధనాసక్తి' అని ఒక వరస ఉంటుంది. అది చూసి నన్ను పిలిపించారు. నన్నే ఎందుకంటే, ఆ పూట క్లాసు లేక ఖాళీగా దొరికినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఈ కొండెపూడి సువర్చల ఎవరండీ?"

"మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ అసోసియేట్ ప్రొఫెసరండీ. ఊపిరితిత్తుల మీద పనిచేస్తారు."

"ఎన్నాళ్ళుగా?"

"తొమ్మిదేళ్ళు దాటిందండీ."

"తొమ్మిదేళ్ళూ ఒకే ఊపిరితిత్తులా?"

"ఒకే ఊపిరితిత్తులండీ. ఊరవతల మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళవి."

"అందులోనూ ఒకే గోదాములు!" ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చూడండి సోమయాజులు గారూ. ఐదేళ్ళు దాటి ఒకే సీట్లో ఉన్నవాణ్ణి మా శాఖలో దీర్ఘకాలికుడు అంటాం. వాడికి అక్కడ పరిచయాలు పెరుగుతాయి. పరిచయాలతో ఆసక్తి పెరుగుతుంది. ఆసక్తి ఎక్కడ పెరిగిందో అక్కడ అవినీతి మొదలవుతుంది. నా సర్వీసంతా ఇదే చూశాను."

"పరిశోధనకి ఆసక్తి ఉండాలి కదండీ?"

"తప్పకుండా ఉండాలి. అయితే అది సంస్థ ఆసక్తి అయి ఉండాలి, సొంత ఆసక్తి కాకూడదు. ఇంతకీ మీదేమిటి?"

నత్తలని చెప్పాను. ఎన్నాళ్ళుగానో చెప్పాను. ఆయన చాలాసేపు నా మొహంలోకి జాలిగా చూశారు. ఒక మనిషిని ఇంతకాలం నత్తల దగ్గర వదిలేసిన వ్యవస్థ మీద ఆ జాలి అని నాకు తర్వాత అర్థమైంది.

మర్నాటికల్లా ఉత్తర్వు వచ్చింది. 'విశ్వవిద్యాలయమునందలి సమస్త పరిశోధనాంశములు విశ్వవిద్యాలయపు ఆస్తి అయి ఉన్నందున, ఒకే అంశముపై ఐదు సంవత్సరములు పూర్తిచేసుకొన్న వారందరును దీర్ఘకాలికులుగా పరిగణింపబడి, తప్పనిసరి బదిలీకి లోనగుదురు' అని. వైస్ ఛాన్సలరు గారు దాని మీద సంతకం పెట్టారు. ఆయన సంతకం పెట్టేముందు పెన్నులో సిరా ఉందో లేదో చూసుకుంటారు తప్ప ఇంకేమీ చూడరు.

ఇక్కడ సువర్చల గారి గురించి కొంచెం చెప్పాలి. ఆవిడ మితభాషి. వైద్యం చదివి, బయట ప్రాక్టీసు పెట్టుకోకుండా పాఠాలు చెప్పుకునే మనిషి. మిర్చి సీజను ఆఖర్న ఏటా ఆ గోదాములకి వెళ్ళి, ఆ ఆడవాళ్ళ చేతే ఒక గొట్టంలోకి గట్టిగా ఊదించేవారు. ఎవరి ఊపిరి ఎంత బలంగా ఉందో మిషను చెబుతుంది. పదేళ్ళపాటు అదే మనుషుల్ని చూస్తే మిరప ఘాటు ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తేలుతుందని ఆవిడ లెక్క. కార్మిక శాఖలో ఒక అధికారి కూడా ఆవిడకి మాటిచ్చాడు. "పదేళ్ళ ఆధారం తీసుకురండి మేడమ్. గోదాముల్లో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించే పూచీ నాది. తొమ్మిదేళ్ళది తెస్తే మాత్రం యజమానులు నన్ను బతకనివ్వరు." ఇక ఒక్క ఏడాది మిగిలింది. ఒక్కసారి ఊదిస్తే చాలు, ఆ గోదాముల్లో గాలి ఆడుతుంది. సరిగ్గా అప్పుడే ఆవిడ దీర్ఘకాలికురాలని తేలింది.

ఆవిడ రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్తే నన్నూ రమ్మన్నారు.

"ఇది ఎక్కువ కాలం చూస్తేనే తేలే విషయమండీ. ఒక్క ఏడాది ఆపండి," అన్నారావిడ.

"ప్రతి దీర్ఘకాలికుడూ నాతో ఇదే మాట అన్నాడమ్మా. ఒక్క ఏడాది, పిల్లాడి పదో తరగతి అయిపోనివ్వండి అంటారు. మీదేమో ఊపిరితిత్తులంటున్నారు. నియమం మనుషుల్ని చూడదు."

"మనుషులు చచ్చిపోతారండీ ఆ దుమ్ములో."

"మీ స్థానంలోకి సమర్థులు వస్తారు కదా. ఖాళీ ఉంచం. నా హయాంలో ఇంతవరకు ఒక్క సీటూ ఖాళీగా లేదు."

కౌన్సెలింగ్ సెమినారు హాల్లో పెట్టారు. తెర మీద పరిశోధనాంశాల ఖాళీలు, పక్కన సీనియారిటీ వరస. క్యాన్సరు, షుగరు, గుండె మొదటి శ్రేణి. ఊపిరితిత్తులు, కాలేయం రెండో శ్రేణి. నాచు, నత్తలు, పేగుల్లో పురుగులు ఆఖరి శ్రేణి. పేగుల్లో పురుగుల మీద పనిచేసినవాళ్ళకి, మారుమూల ప్రాంతంలో పనిచేసినవాళ్ళతో సమానంగా అదనపు పాయింట్లు ఇచ్చారు. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

మొదటి గొడవ క్యాన్సరు దగ్గర వచ్చింది. తెర మీద అది కనబడలేదు. అడిగితే, 'పై నుంచి ఫోను వచ్చినందున' దాన్ని ఆపి ఉంచామన్నారు. ఎవరి కోసమో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పేరు అడగలేదు. షుగరు జబ్బున్న కెమిస్ట్రీ ప్రొఫెసరుగారు ఆరోగ్య కారణాల కింద షుగరు కోరుకున్నారు, సర్టిఫికెట్టు చూసి వెంటనే ఇచ్చారు. భార్యాభర్తల కోటాలో ఒక జంట వచ్చింది. ఆయనది మెదడు, ఆమెది చెరకు తెగుళ్ళు. ఇద్దరినీ దగ్గర దగ్గర అంశాల్లో వెయ్యమని వేడుకున్నారు. రిజిస్ట్రారు గారు శరీరనిర్మాణ పటం తెప్పించి, ఆమెకి వెన్నుపూస ఇచ్చి, "పైకీ కిందికీ రాకపోకలకి ఇబ్బంది లేదు," అన్నారు. ఆ దంపతులు చేతులెత్తి నమస్కారం పెట్టారు. మూత్రపిండాలు ఎవరూ కోరుకోకపోతే, రాళ్ళతో అనుభవం ఉందని భూగర్భశాస్త్రం వారికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు.

నా వంతు వచ్చేసరికి మోకాలి చిప్ప మిగిలింది. ఇన్నేళ్ళూ మోకాళ్ళే లేని ప్రాణితో గడిపినవాణ్ణని మనవి చేసుకున్నాను. "అందుకే మీకు దాని మీద ముందస్తు అభిప్రాయాలు ఉండవు, నిష్పక్షపాతంగా పనిచేస్తారు," అన్నారు రిజిస్ట్రారు గారు. ఆ ముక్క రికార్డులోకి కూడా ఎక్కించారు.

ఊపిరితిత్తులు ఎవరు కోరుకుంటారా అని సువర్చల గారు మూడో వరసలో కూర్చుని చూస్తున్నారు. ఛాతీ వైద్యులెవరైనా తీసుకుంటే బతిమాలి ఆ ఆఖరి ఏడాది పని చేయించుకోవచ్చని ఆవిడ ఆశ. కానీ ఛాతీ వైద్యులు ముగ్గురూ సీనియారిటీలో కింద ఉన్నారు. పైన ఉన్నది ఫిజిక్సు ప్రొఫెసరు ఉమ్మడిశెట్టి ముక్తేశ్వరరావు గారు. గడ్డకట్టే చలిలో స్ఫటికాలు ఎలా ఏర్పడతాయన్నది ఆయన పరిశోధన. మరుసటి ఏడాది రిటైరవుతారు. ఆయన లేచి నిలబడి తెర వంక వేలు చూపించి, "అది, ఆ మిర్చి ఊపిరితిత్తులు," అన్నారు.

"మీకు దాంట్లో ఏమైనా..." అని నేను నసిగాను.

"గోదాములు మా ఇంటి వెనకాలేనయ్యా. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయి రావచ్చు. ఈ వయసులో ఇంకేం కావాలి?"

ఇక మిగిలిన ఖాళీల్లోంచి సువర్చల గారికి ముక్తేశ్వరరావు గారి స్ఫటికాలే వచ్చాయి. "ఒకరి స్థానంలోకి ఒకరు! పరస్పర బదిలీకి ఇంతకంటే చక్కటి ఉదాహరణ లేదు," అని రిజిస్ట్రారు గారు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాం.

తర్వాత ఛార్జి అప్పగింత. సువర్చల గారు ఊదే మిషను, గొట్టాలు, తొమ్మిదేళ్ళ కాగితాలు బల్ల మీద పెట్టారు. ముక్తేశ్వరరావు గారు ఒక్కొక్కటే చూసి సరేనన్నారు. అప్పుడు ఆఫీసు సూపరింటెండెంటుకి ఒక సందేహం వచ్చింది. గోదాముల్లో ఆడవాళ్ళని కూడా అప్పగింతలో చూపించాలి కదా, వాళ్ళని స్థిరాస్తిలో చూపాలా, సామగ్రిలో చూపాలా? ఫైలు రిజిస్ట్రారు గారికి వెళ్ళింది. 'వాడుకలో తరుగుచున్నారని ఆ కాగితములలోనే ఉన్నందున, వినియోగ సామగ్రిగా చూపవలెను' అని ఆయన రాశారు. సువర్చల గారు ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివారు. నాకు మాత్రం ఆ క్షణాన సిగ్గేసింది. ఆవిడా నేనూ సంతకాలు పెట్టి బయటికొచ్చాం.

కొత్త పోస్టింగులో చేరిన రోజు ముక్తేశ్వరరావు గారి వెంట గోదాముకి నేనూ వెళ్ళాను. లోపలికి అడుగు పెట్టగానే కళ్ళు మండాయి, ముక్కు మండింది, దగ్గొచ్చింది. గుట్టల కొద్దీ ఎర్ర మిరపకాయలు, వాటి మధ్య వందలమంది ఆడవాళ్ళు మొహాలకి కొంగులు చుట్టుకుని తొడిమలు తీస్తున్నారు. మస్తానమ్మ అనే ఆవిడ లేచి ఎదురొచ్చింది. ఆ గోదాముల్లో అందరికంటే పాత మనిషి, మొదటి ఏడాది నుంచీ సువర్చల గారి గొట్టంలోకి ఊదుతున్నది ఆవిడే.

"అమ్మ రాలేదేందయ్యా?"

"అమ్మకి బదిలీ అయింది," అన్నారు ముక్తేశ్వరరావు గారు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఇకనుంచి ఊపిరితిత్తులు నేనే."

మస్తానమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "మరయితే మిషనుందా? ఊదమంటావా?"

"మిషనుందమ్మా. దాన్నెలా వాడాలో ఇంకా తెలీదు."

"ఏం పర్లేదులే నాయనా, కూసో. మజ్జిగ తాగుతావా?" అని ఆవిడే ఆయనకి గోనెసంచి పరిచింది. అంతకంటే మర్యాద ఆ బదిలీల్లో ఇంకెవరికీ దక్కలేదు. ముక్తేశ్వరరావు గారు చెడ్డమనిషి కాదు. రోజూ వెళ్ళి ఆ గోనెసంచి మీద కూర్చునేవారు, మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచేసి మళ్ళీ వచ్చేవారు. తనకి చేతనైన పనిగా గోదాములో ఉష్ణోగ్రత కొలిచి రాసుకునేవారు.

సీజను అయిపోవస్తోంది. ఊదించేవాళ్ళు లేరు. ఓ రోజు పొద్దున ఆ ఆడవాళ్ళే గుంపుగా బయల్దేరి యూనివర్సిటీకి వచ్చేశారు. "మా అమ్మ యాడుంది? మేం ఊదాల," అని గేటు దగ్గర మస్తానమ్మ కేక. సువర్చల గారు వాళ్ళని మెట్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. మధ్యాహ్నానికల్లా ఆవిడకి మెమో వచ్చింది. 'బదిలీ అయిన పిమ్మట కూడ పూర్వపు అవయవముతో సంబంధములు కొనసాగించుచున్నట్లు తెలియవచ్చినది. సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆ మెమో పట్టుకుని ఆవిడ నా గదికి వచ్చారు.

"సోమయాజులు గారూ, నన్ను స్ఫటికాలకి వేసిన ఉత్తర్వులో పని ఏమని రాశారో ఒకసారి చూస్తారా?"

"ఏముంటుందండీ? అతిశీతల వాతావరణంలో ఏదైనా ఆవిరిని గడ్డకట్టించి, స్ఫటికాలు చేసి, వాటిని చూడాలి. అంతే."

"ఏ ఆవిరని ఉందా?"

"లేదు."

"మనిషి ఊపిరిలో ఆవిరి ఉంటుంది కదా," అన్నారావిడ.

ఇలా స్ఫటికాల పరిశోధన మొదలైంది. మంచుముక్కల మధ్య పెట్టిన ఒక గాజుగొట్టంలోకి ఆడవాళ్ళు ఊదాలి, ఆ ఊపిరి గడ్డకట్టి స్ఫటికమవుతుంది. గొట్టానికి ముందు ఊదే మిషను ఒకటి తగిలించారు. స్టాకు రిజిస్టర్లో దాన్ని 'ఆవిరి ప్రవాహ నియంత్రిక' అని రాయించాం. పాత మిషను ముక్తేశ్వరరావు గారి ఛార్జిలో ఉంటే, "నేనేం చేసుకోనమ్మా, తీసుకుపో," అని ఆయనే ఇంటి నుంచి రిక్షాలో వేసి పంపించారు. రిజిస్ట్రారు గారు తనిఖీకి వచ్చి, గాజుగొట్టంలో తెల్లగా మెరుస్తున్న మంచుపొడి చూసి ముచ్చటపడ్డారు. "చూశారా, కొత్త అంశంలో ఎంత త్వరగా కుదురుకున్నారో! బదిలీ మనిషికి కొత్త ఊపిరి పోస్తుంది," అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన పక్కనే మస్తానమ్మ ఊదలేక గోడ పట్టుకుని నిలబడి ఉంది.

పదేళ్ళ లెక్క పూర్తయింది. సువర్చల గారు రాత్రీ పగలూ కూర్చుని నివేదిక రాశారు. ఆవిడ మొహంలో నేను ఎప్పుడూ చూడని తేట కనబడింది. "ఫ్యాన్లు వస్తాయి సోమయాజులు గారూ," అని రెండుమూడుసార్లు అన్నారు. నాకూ నమ్మకం కలిగింది. మోకాలి చిప్ప మీద నేనింతవరకు ఒక్క ముక్కా రాయలేదు గానీ, ఈ పనిలో ఓ చెయ్యి వేశానని లోపల సంతోషంగా ఉండేది.

నివేదిక వినిపించడానికి వీసీ గారి గదిలో సమావేశం పెట్టారు. కార్మిక శాఖ అధికారి వచ్చాడు. గోదాముల యజమానుల సంఘం అధ్యక్షుడు, మెళ్ళో లావాటి గొలుసుతో, ఆయనా వచ్చి కూర్చున్నాడు. సువర్చల గారు తెర మీద గీత ఒకటి చూపించారు.

"కొత్తగా చేరినవాళ్ళ ఊపిరి ఇదిగో, ఇక్కడుంది. మొదట్లో మెల్లగా తగ్గుతుంది. ఐదేళ్ళు దాటాక బాగా పడిపోతోంది. పదేళ్ళు చేసినవాళ్ళకి సగం కూడా..."

"ఒక్క నిమిషం," రిజిస్ట్రారు గారు కుర్చీలోంచి లేచారు. "ఎన్నేళ్ళు దాటాక అన్నారు?"

"ఐదండీ."

"ఐదేళ్ళు! సార్, విన్నారా?" ఆయన వీసీ గారి వైపు తిరిగారు. "నేను శాస్త్రవేత్తని కాను. ఒట్టి పరిపాలకుణ్ణి. అయినా నా సర్వీసంతా ఇదే మొత్తుకుంటూ వచ్చాను. ఒకే చోట ఐదేళ్ళు దాటి ఉండటం ప్రమాదం, ప్రమాదం అని. ఇన్నాళ్ళకి అది శాస్త్రీయంగా రుజువైంది. అదీ మన యూనివర్సిటీలో!"

"అది కాదండీ," అన్నారు సువర్చల గారు. "దుమ్ము వల్ల. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టిస్తే..."

"ఫ్యాన్లు పైపై చికిత్స అమ్మా. మూలం దీర్ఘకాలికత. మీ గీతే చెబుతోంది." ఆయన యజమానుల అధ్యక్షుడి వైపు చూశారు. "మీ గోదాముల్లో ఐదేళ్ళు దాటినవాళ్ళు ఎంతమంది?"

"బోల్డంత మందండీ. పాతోళ్ళే ఎక్కువ."

"వాళ్ళ ఆరోగ్యం దృష్ట్యా తక్షణం తప్పించాలి. కొత్తవాళ్ళని తీసుకోండి. ఐదేళ్ళు కాగానే మళ్ళీ మార్చండి. ఎవరి ఊపిరీ పడిపోదు."

అధ్యక్షుడి మొహం విప్పారింది. "ఫ్యాన్లు అక్కర్లేదా అండీ అయితే?"

"అక్కర్లేదు."

"ఇంత తేలిగ్గా అవుద్దని నాకు తెలవదండీ. యూనివర్సిటీ వాళ్ళంటే ఏందో అనుకున్నా."

కార్మిక శాఖ అధికారి తలొంచుకుని తన పెన్ను చూసుకుంటున్నాడు. సువర్చల గారు అతని వంకే చూస్తున్నారు. అతను ఆఖరికి, "ఇది కూడా కార్మిక సంక్షేమం కిందకే వస్తుంది మేడమ్," అన్నాడు. వీసీ గారు పెన్నులో సిరా చూసుకుని సంతకం పెట్టారు.

వారం తిరగకుండానే గోదాముల ముందు బోర్డు పెట్టారు. 'విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల సలహా మేరకు ఐదేళ్ళు దాటినవారికి పని లేదు' అని. ఆ రోజే మస్తానమ్మ, ఇంకో ఇరవై మంది దాకా సువర్చల గారి గదికి వచ్చారు. ఈసారి గేటు దగ్గర కేకలు లేవు. నేను అక్కడే ఉన్నాను.

"ఏందమ్మా ఇట్టా చేశావు?" అంది మస్తానమ్మ. కోపంగా అనలేదు, అదే వినలేకపోయాను. "గట్టిగా ఊదమంటే ఊదాం. ఏడాదేడాదీ ఊదాం. నువ్వు మాకేందో మేలు చేస్తావనుకున్నాం."

"మేలే అనుకున్నాను మస్తానమ్మా. ఫ్యాన్లు పెట్టిస్తారనుకున్నాను."

"ఫ్యాన్లు సరే. కూడెవరు పెడతారు తల్లా? తొడిమలు తీయటం తప్ప మాకింకో పని రాదు. ఊపిరి పెట్టుకుని ఏం జేసుకోమంటావు?" ఆవిడకి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. అది తగ్గేదాకా అందరం ఆగాం. "తప్పు రాశానని రాయి. మాకేం రోగం లేదని రాయి. నీకు దణ్ణం పెడతా."

నిజంగానే చేతులెత్తింది. సువర్చల గారు ఆ చేతులు పట్టుకుని కిందికి దించారు. వాళ్ళు వెళ్ళిపోయాక తన బల్ల మీది పదేళ్ళ కాగితాల మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు. నేనేదో ధైర్యం చెప్పబోయాను. కోర్టుకి వెళ్దామన్నాను, పేపర్ల వాళ్ళని పిలుద్దామన్నాను.

"వెళ్దాం. అది తేలేలోగా వాళ్ళు ఏం తింటారు?" అన్నారావిడ.

తన మిషనులో లోపం ఉందనీ, పదేళ్ళ కొలతలూ తప్పుల తడకలనీ, మిరప ఘాటుకీ ఊపిరికీ సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదనీ ఆవిడ తన చేత్తోనే రాశారు. అక్షరాలు మాత్రం చెదరలేదు. దాన్ని నేను రిజిస్ట్రారు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదివి నొచ్చుకున్నారు.

"నా సిద్ధాంతానికి ఉన్న ఒకే ఒక్క రుజువు ఇది. సరే, నియమం నియమమే. కానీ ఊపిరితిత్తుల నివేదికని స్ఫటికాల ఆవిడ ఎలా రద్దు చేస్తారు? ప్రస్తుతం ఆ స్థానంలో ఉన్నవారు ధ్రువీకరించాలి."

ముక్తేశ్వరరావు గారిని పిలిపించారు. ఒక్క సీజను గోనెసంచి మీద కూర్చున్నందుకే ఆయన గొంతు బొంగురుపోయింది, మాట మాటకీ దగ్గు. ఆయన కాగితం రెండుసార్లు చదివి, బయట వరండాలో నిలబడ్డ సువర్చల గారి దగ్గరికి వెళ్ళారు.

"అమ్మాయ్, ఇది తప్పు కాదు. నాకు తెలుసు. చూడు నా గొంతు."

"తెలుసు సార్."

"ఇది తప్పని సంతకం పెట్టడానికి నాకేం అర్హత ఉంది?"

లోపల్నుంచి రిజిస్ట్రారు గారి గొంతు వినిపించింది. "అర్హత ప్రసక్తి లేదండీ. మీకు సీనియారిటీ ఉంది."

ముక్తేశ్వరరావు గారు సువర్చల గారి మొహంలోకి చూశారు. "పెట్టండి సార్," అన్నారావిడ. ఆయన పెట్టారు. పెట్టి, పెన్ను మూత కూడా బిగించకుండా అక్కణ్ణుంచి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రిజిస్ట్రారు మీద మండిందా, చప్పట్లు కొట్టిన మా మీద మండిందా అంటే రెండూ నిజమే.

బోర్డు తీసేశారు. పాతవాళ్ళందరినీ మళ్ళీ పనిలోకి పిలిచారు. దోషపూరిత పరికరంతో పదేళ్ళు కాలయాపన చేసినందుకు సువర్చల గారికి ఒక ఇంక్రిమెంటు ఆపారు. స్ఫటికాల్లో కనబరిచిన ప్రగతికి అదే కవరులో ప్రశంసాపత్రం పెట్టి పంపారు.

పనిలో చేరిన రోజు సాయంత్రం మస్తానమ్మ ఒక్కతే యూనివర్సిటీకి వచ్చింది. సువర్చల గారూ నేనూ మెట్లు దిగుతున్నాం. ఆవిడ ఎదురొచ్చి, చీర మీది మిరపదుమ్ము దులుపుకుని, సువర్చల గారి చెయ్యి పట్టుకుంది.

"సల్లగుండు తల్లా," అంది. ఊపిరి అందక ఆగింది. "నువ్వు కాబట్టి..." మళ్ళీ ఆగి, మెట్టు మీద కూలబడి, ఛాతీ పట్టుకుని గాలి కోసం నోరు తెరిచింది. సువర్చల గారు పక్కనే కూర్చుని ఆవిడ వీపు నిమురుతున్నారు. కాసేపటికి మస్తానమ్మ తేరుకుని నవ్వింది. "నువ్వు కాబట్టి మా పని నిలబడింది," అని మాట పూర్తి చేసింది.

సువర్చల గారు అవునన్నట్టు తలూపి, మొహం పక్కకి తిప్పుకున్నారు.